నలభై నడకలు

పెళ్ళైన కొత్తలో భర్తతో బజారుకు వెళ్ళడమంటే కాత్యాయనికి విసుగు. పరాంకుశం పది అడుగులు వేసి ఆగిపోయేవాడు. మనుషుల్ని కాదు, వాళ్ళు తొక్కిన నేలను చూస్తూ నిలబడేవాడు.

"ఈ గోడ మూల చూడు, ఎట్లా అరిగిందో. బండి చక్రం రాసుకుని రాసుకుని పోయింది. అందుకే ఇంటాయన ఇక్కడ బండ పాతాడు. బండను తప్పించుకోవడానికి జనం ఇటు జరిగారు. జనం జరిగారని ఎదురింటావిడ తన మెట్టు లోపలికి లాక్కుంది. ఒక్క బండ, సందు మొత్తం నడకే మార్చేసింది!"

కూరగాయల సంచి బరువుకు వేళ్ళు లాగుతుంటే ఆమె "ఊఁ" అనేది. ఆయన కాలేజీలో భూగోళం చెప్పేవాడు. ఆమె ఒక పరిశోధనాలయంలో మట్టిలోని సూక్ష్మజీవుల మీద పనిచేసేది. పిల్లలు లేరు. సెలవు వస్తే చాలు, ఆయన ఏదో ఒక ఊరి పొలిమేరలో కాలిబాట పక్కన గొడుగేసుకుని కూర్చుని, ఎంతమంది నడిచారో నోటుపుస్తకంలో గీతలు గీసుకునేవాడు. చూసినవాళ్ళు సర్వే మనిషనుకుని మంచినీళ్ళిచ్చేవారు.

ఒకరోజు ఆమెను తన కాలేజీ మైదానానికి తీసుకెళ్ళి చూపించాడు. మూల తిరిగి పోయే సిమెంటు బాట బోసిగా ఉంది. పచ్చిక మధ్యలోంచి మాత్రం పిల్లలు తొక్కి తొక్కి చేసుకున్న అడ్డదారి, పాపిడి తీసినట్టు తిన్నగా పోతోంది.

"దారి వేసేది ఇంజనీరు కాదు కాత్యా, కాళ్ళు."

"మరి కాళ్ళ మాట వినే నేల ఉంటే?" అందామె నవ్వులాటకు.

నవ్వులాటకు అన్న ఆ మాట ఆమె చేత పదకొండేళ్ళు చాకిరీ చేయించింది.

పన్నెండో ఏడు ఒక ఉదయం ఆమె ప్రయోగశాలకు భర్తను పిలిపించింది. బల్ల మీద తొట్టి నిండా నల్లరేగడి, నీళ్ళు పోసి కలిపిన బురద. అంతకు నాలుగు రోజుల ముందు నుంచి రోజూ ఆమె అందులో ఒకేచోట మడమతో తొక్కుతూ వచ్చింది. "కొట్టి చూడండి" అని చిన్న సుత్తి ఇచ్చింది. మడమ పడినచోట కొడితే పెంకులా ఖంగుమంది. పక్కనే తొక్కనిచోట వేలు పెడితే చేయి మోచేతిదాకా దిగిపోయింది.

మట్టిలో ఆమె పెంచిన జీవికి తెలిసింది ఒక్కటే, బరువు. పైనుంచి బరువు పడితే అది సున్నంలాంటి పదార్థాన్ని ఊరించి మట్టిరేణువుల్ని కరిపించి పట్టుకుంటుంది. కొన్నాళ్ళు బరువు పడకపోతే ఆ సున్నాన్నే తినేసి, నేలను ముందుకన్నా గుల్ల చేసేస్తుంది. ఆమె ఎక్కువగా మురిసింది ఈ రెండో గుణానికే. మనుషులు వదిలేసిన దారి మళ్ళీ నేలైపోవాలి, గడ్డి మొలవాలి, అంతేగాని తారురోడ్డులా చచ్చి పడి ఉండకూడదని ఆమె కోరిక.

ఎన్ని అడుగులు పడితే దారి అనుకోవాలి? ఆ లెక్క పరాంకుశం దగ్గరుంది. ఇరవయ్యేళ్ళ నోటుపుస్తకాలు తిరగేశాడు. రోజుకు నలభై నడకల కన్నా తక్కువ పడిన బాట ఏదైనా ఏడాది తిరక్కుండా గడ్డిలో కలిసిపోయింది. పోతే ఒక నడక, వస్తే ఒక నడక. "నలభై పెట్టు" అన్నాడు. ఆమె ఆ జీవిని నలభైకి కట్టేసింది. ఆ సాయంత్రం ఇద్దరూ సేమ్యా పాయసం చేసుకుని తిన్నారు.

ప్రయోగానికి కర్నూలు జిల్లా పడమటి కొసన వామిదొడ్డి అనే ఊరిని ఎంచుకున్నారు. చుట్టూ నల్లరేగడి. వానొస్తే ఆ ఊరి వీధుల్లో ఎద్దులు మోకాళ్ళ దాకా దిగబడేవి. బడిపిల్లలు చెప్పులు సంచిలో పెట్టుకుని పోయేవారు. గ్రామసభ పెట్టి కాత్యాయని అంతా విడమర్చి చెప్పింది. నలభై లెక్క కూడా చెప్పింది. "రోజుకు నలభైసార్లు ఎవరో ఒకరు నడిస్తే చాలు, మీ వీధి రాయిలా ఉంటుంది" అంది. జనం చప్పట్లు కొట్టారు. పీపాల్లో తెచ్చిన జీవిని నీళ్ళలో కలిపి వీధివీధికీ చల్లారు.

ఊరి బయట మిట్టమీదున్న పాత పత్తి గోదాము వాళ్ళ ప్రయోగశాల అయింది. కాత్యాయని, పరాంకుశం, ఇద్దరు సహాయకులు, డ్రైవరు ఖాజా, మొత్తం ఐదుగురు. స్తంభాల మీద కెమెరాలు నడకలు లెక్కపెట్టేవి. గోదాములో తెరమీద ఊరి పటం కనిపించేది. గట్టి దారులు నల్లగా, మెత్తని నేల పాలిపోయిన పసుపురంగులో. కాత్యాయని ఒక నియమం పెట్టింది. ప్రయోగం ముగిసేదాకా వాళ్ళెవరూ ఊరి వీధుల్లో నడవకూడదు. చూసేవాళ్ళ అడుగు లెక్కలో పడితే లెక్క చెడిపోతుంది.

మొదటి వానాకాలం పండగలా గడిచింది. తిప్పమ్మ అనే ముసలావిడ జొన్నరొట్టెలు, పచ్చికారం గుడ్డలో కట్టుకుని మిట్టెక్కి వచ్చింది. "యాభై ఏండ్లు పిసికినా తల్లీ ఈ బురద. ఈ పొద్దు చూడు, నా పాదాలు ఎట్లుండాయో, పెండ్లికూతురి పాదాలు!" అని చీర కుచ్చెళ్ళు ఎత్తి మరీ చూపించింది. గట్టిపడ్డ నేలమీద ఎవరి అడుగు వారిది అచ్చుపడి ఉండిపోయేది. ఇది ఫలానావాడి కాలు, ఇది ఫలానావారి గేదె అని పిల్లలు ఆడుకునేవారు. పరాంకుశానికి అది స్వర్గం. చూసిందంతా రాసుకోలేక చేతులు నొప్పిపుట్టేవి.

రెండో ఏడు పత్తి తీతలప్పుడు గోవిందమ్మ అనే కూలిమనిషి ట్రాక్టరు కింద పడి చనిపోయింది. ట్రాక్టరు నడిపింది ఊరిపెద్ద శివలింగప్ప కొడుకు, తాగి ఉన్నాడు. ఆమె తానే జారి చక్రం కింద పడిందని ఊరంతా ఒకే మాట మీద నిలబడింది. ఒక్క ఉరుకుందప్ప మాత్రం పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పాడు. గొర్రెలు కాసుకునే మనిషి. భార్య లేదు. పంతొమ్మిదేళ్ళ కూతురు సుంకమ్మతో, ఊరి పెద్దదారి నుంచి రెండువందల గజాలు లోపలికి, పొలాల అంచున విడిగా ఉన్న ఇంట్లో ఉండేవాడు.

ఊరు వాళ్ళను వెలేసింది. ఆ ఇంటికి ఎవరూ పోకూడదు, పలకకూడదు, నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు తోడనివ్వకూడదు. ఇంటి వెనక చేను శివలింగప్పదే. రాత్రికి రాత్రే అటు కంప కొట్టించి ముళ్ళకంచె వేయించాడు. ఆ ఇంటికి మిగిలింది ముందువైపు పెద్దదారి దాకా పోయే సందు ఒక్కటే.

ఈ సంగతి గోదాములో ఖాజా చెప్పాడు. కాత్యాయని "అయ్యో" అంది. తర్వాత పనిలో పడిపోయింది. మూడేళ్ళ ప్రయోగం చివరికొస్తోంది. ఢిల్లీకి పంపాల్సిన నివేదిక సగం కూడా కాలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆమెకు పటంలో ఒక తేడా కనిపించింది. పదిహేడో సందు, అంటే ఉరుకుందప్ప ఇంటి దారి. లెక్క ప్రకారం ఈపాటికి పాలిపోవాలి. నల్లగానే ఉంది. నడకల పట్టిక తీసి చూసింది. నలభై. ముందురోజు నలభై. అంతకు ముందురోజూ నలభై. నెలన్నరగా అదే అంకె.

"యంత్రం పాడైనట్టుంది. ఏ దారైనా రోజూ ఒకే అంకె ఇస్తుందా?" అంది.

పరాంకుశం దుర్భిణి ఆమె చేతికిచ్చి కిటికీ చూపించాడు.

సన్నగా తుంపర పడుతోంది. ఆ సందులో తండ్రీకూతుళ్ళు నడుస్తున్నారు. ఇంటి నుంచి పెద్దదారి దాకా వచ్చారు. ఎవరితోనూ మాట్లాడలేదు, ఏమీ కొనలేదు. వెనక్కి తిరిగి ఇంటిదాకా పోయారు. మళ్ళీ వచ్చారు. ఉరుకుందప్ప తలమీద వానకు అడ్డంగా గోనెసంచి కొప్పెర. సుంకమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంటోంది. మనిషికి పది రౌండ్లు, ఇద్దరికీ కలిపి నలభై నడకలు. అయిపోయాక ఆ పిల్ల తట్ట నెత్తిన పెట్టుకుని పక్కూరికి కూలికి పోయింది. ఆయన గొర్రెల్ని తోలుకుని పోయాడు.

"రోజూ పొద్దున్నే ఇంతే. నేను ఇరవై రోజులుగా చూస్తున్నా. దారి చచ్చిపోకుండా కాపాడుకుంటున్నారు" అన్నాడు పరాంకుశం. "పద కాత్యా. మనం ఐదుగురం. మనిషికి నాలుగు రౌండ్లు నడిస్తే వాళ్ళకా బాధ తప్పుతుంది."

ఆమె పట్టికను దగ్గరికి లాక్కుంది.

"ఇంకో పద్దెనిమిది రోజులే ఉన్నాయి. ఇప్పుడు మన అడుగులు పడితే మూడేళ్ళ లెక్క బూడిదలో పోసినట్టే. నివేదిక పంపేసిన మర్నాడు నేనే వస్తా. మీకన్నా ముందు నేనే నడుస్తా."

"వాళ్ళు ఊరికే నడవడం లేదే..."

"నడుస్తున్నారు కదా! దారి గట్టిగానే ఉంది కదా! కొంపలేం మునగలేదు కదా!"

ఆయన నోటుపుస్తకం తెరిచి ఆ రోజు గడిలో నలభై అని రాశాడు. రాసేటప్పుడు కలం ముల్లు కాగితాన్ని చీల్చింది.

తొమ్మిదోరోజు నుంచి ఆ సందులో ఒకే ఒక మనిషి నడవడం కనిపించింది. ఉరుకుందప్పకు జ్వరం తగిలిందట. సుంకమ్మ ఒక్కతే నలభై నడకలూ నడిచి, ఆ తర్వాత పొరుగూరికి పోయి మందుబిళ్ళలు తెచ్చుకుంటోంది. మూడురోజులు నలభై తప్పలేదు. నాలుగోరోజు ముప్పైఎనిమిది. ఆ మర్నాడు వాయుగుండం పట్టింది. ముప్పైఒకటి. ఇరవైరెండు. తొమ్మిది. ఆ తర్వాత సున్న.

గట్టి నేల మెత్తబడటానికి ఇరవై రోజులు పడుతుందని కాత్యాయని లెక్క. ప్రయోగశాలలో ఎన్నోసార్లు చూసింది. కాని ఎడతెరపి లేని ముసురులో, నేల కడుపుదాకా నీళ్ళు తాగినప్పుడు ఏమవుతుందో ఆమె ఎన్నడూ పరీక్షించలేదు. నడకలు నలభైకి తగ్గిన అయిదు రోజుల్లోనే పదిహేడో సందు పటం మీద పసుపుగా మారిపోయింది. ఆ పసుపు ఇంటి చుట్టూ కూడా అలుముకుంది.

ఆ పొద్దున ఆమె ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. గొడుగు కూడా తీసుకోకుండా మిట్ట దిగి, తన నియమం తనే దాటి, ఊళ్ళోకి పోయింది. మొదట తిప్పమ్మ ఇంటికే పోయింది.

"తిప్పమ్మా, నీకు దండం పెడతా. ఊళ్ళో తలా రెండుసార్లు ఆ సందులో పోయొస్తే చాలు. నువ్వు బయల్దేరితే పదిమంది వస్తారు. ఆయన జ్వరంతో ఉన్నాడు. ఆ పిల్ల ఒక్కతే ఉంది."

ముసలావిడ అరుగు మీద పప్పు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"తెలుసు తల్లీ. తెలీకేం? ఆ పిల్లకు బొడ్డు కోసింది నేనే."

"మరి?"

"మా అత్తకాలంలో ఒకరిని వెలేసినారు. పగలంతా మొగం తిప్పుకునేది. మాపిటేళకు మా అత్త కొంగుచాటున సంగటిముద్ద పెట్టుకుని పోయి ఇచ్చొచ్చేది. అట్ల ఊళ్ళో సగం మంది పోయేటోళ్ళు, ఒకరికి తెలీకుండా ఒకరు. అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు." చేట ఆగింది. "ఇప్పుడు ఎట్ల పొయ్యేది? అడుగు పెడితే అచ్చు పడతాది. నా ఎడమకాలు వంకర. పొద్దున లేస్తే ఊరంతా నా కాలే చూస్తాది. ఆ తర్వాత నా ఇంటికాడికి ఎవరూ రారు. నా ఇంటికాడా మెత్తబడతాది. నాకు మనవరాండ్లు ఉండారు తల్లీ."

కాత్యాయని ఇంకో ఏడు ఇళ్ళు తిరిగింది. తలుపులు వేయలేదు, తిట్టలేదు. అందరూ ఆమెను కూర్చోమన్నారు. చాయ్ ఇస్తామన్నారు. ఎవరూ లేవలేదు.

ఆమె పదిహేడో సందు దగ్గరకు వచ్చేసరికి పరాంకుశం, ఖాజా, సహాయకులిద్దరూ అప్పటికే నడుస్తున్నారు. పంట్లాలు తొడలదాకా మడుచుకుని, ఒకరి వెనక ఒకరు, ఒకే వరసలో అడుగు మీద అడుగు వేస్తూ. ఆమె చెప్పులు విడిచి వాళ్ళ వెనక చేరింది. పిక్కలదాకా దిగబడుతోంది. కాలు లాగితే చప్పుడు చేస్తూ వస్తోంది. రోజంతా నడిచారు. సుంకమ్మ ఇంటి వాకిట్లోంచి చూసి, కాసేపటికి తనూ వచ్చి వరసలో కలిసింది. రెండోరోజు నడిచారు. సందు నడుమ జానెడు వెడల్పున నేల కొద్దిగా కాలిని నిలుపుకోవడం మొదలుపెట్టింది. ఇంకొక్క రోజు ఉంటే చాలు. ఆమె చేతులతో తడిమి చూసింది. లోపల జీవి పనిచేస్తోంది, సున్నం ఊరిస్తోంది. దాని తప్పేమీ లేదు.

మూడోరోజు తెల్లవారగానే సుంకమ్మ కేక వినబడింది. "మేడమ్! మా నాయనకు ఊపిరాడ్తా లేదు!"

అంబులెన్సు పెద్దదారి మీదికి వెంటనే వచ్చింది. ఆ దారి అద్దంలా ఉంది. అక్కణ్ణుంచి ఇల్లు రెండువందల గజాలు. నులకమంచం మీద ఉరుకుందప్పను పడుకోబెట్టి, పరాంకుశం, ఖాజా, సహాయకులిద్దరూ నాలుగు కోళ్ళు పట్టుకున్నారు. కాత్యాయని, సుంకమ్మ చెరోపక్క. జానెడు వెడల్పు దారి ఒక మనిషికి చాలుతుంది, మంచానికి చాలదు. రెండు పక్కలవాళ్ళూ మెత్తటి నేలలోకే దిగాల్సి వచ్చింది. ఇరవై గజాలకు మోకాళ్ళ దాకా, అరవై గజాలకు తొడల దాకా దిగిపోయారు. మంచం పట్టె బురదకు తగిలింది.

పెద్దదారి మీద ఊరు నిలబడి ఉంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, బడిసంచులతో పిల్లలు. శివలింగప్ప కూడా ఉన్నాడు, గొడుగు కింద, చేతులు కట్టుకుని. అంబులెన్సులోని కుర్రవాళ్ళిద్దరూ దిగి పది గజాలు వచ్చి నడుందాకా కూరుకుపోతే, డ్రైవరు తాడు విసిరి వాళ్ళను బయటికి లాగాడు.

"రండి! నలుగురు రండి చాలు! పలకలేస్తే చాలు, తలుపులు తీసుకురండి, ఏదైనా..." కాత్యాయని అరిచింది. తిప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఆమెకు కనిపించింది. ఎవరూ కదల్లేదు.

ఉరుకుందప్ప కళ్ళు తెరిచాడు. తలకింద బురద చల్లగా తగిలిందేమో. "దించండమ్మా" అన్నాడు. మాట గాలిలా వచ్చింది. "మీరు యాడన్నా మునిగిపోతారు. నన్ను దించండి."

దించే చోటు లేదు. అక్కడే, సందు నడుమ, మంచాన్ని భుజాలతో ఎత్తి పట్టుకుని నిలబడిపోయారు. ఎంతసేపో తెలియదు. సుంకమ్మ తండ్రి నోట్లో వానపడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి ఉంచింది. కాసేపటికి ఆ చేతులు తీసేసింది.

అంత్యక్రియలకూ ఊరు రాలేదు. ఇంటి పక్కనే, కాస్త గట్టిగా మిగిలిన దిబ్బమీద ఆ ఐదుగురే గుంట తవ్వి పూడ్చారు. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ సుంకమ్మ అంది. "ఆ పొద్దు ట్రాక్టరును నేనూ చూసినా మేడమ్. మా నాయన పోలీసులకు నా పేరు రాయనీలేదు. నేనొక్కణ్ణే చూసినా అని చెప్పినాడు. కూతురికి కష్టమొస్తాదని."

వారం తిరక్కముందే ఆ ఇంటి గోడలు పునాది కింద నేల కరిగి కూలిపోయాయి. ఉన్న ఒక్క సాక్షీ లేకపోయేసరికి ట్రాక్టరు కేసు వీగిపోయింది. సుంకమ్మను ఖాజా బండిలో ఆదోనికి, మేనత్త ఇంటికి చేర్చాడు.

కాత్యాయని నివేదిక రాసింది. ముందనుకున్నది కాదు, జరిగింది జరిగినట్టు. తన పద్దెనిమిది రోజుల సంగతి కూడా దాచకుండా. విచారణకు ముగ్గురు పెద్దలు చలికాలంలో వచ్చారు. పెద్దదారి మీద నిలబడి సందువైపు చూశారు. దిగి లోపలికి పోవడానికి వీల్లేదు కాబట్టి పోలేదు. జీవిలో లోపమేమీ కనబడలేదని, రూపొందించిన విధంగానే అది పనిచేసిందని, జరిగినది విచారకరమైన సామాజిక సమస్య అని రాశారు. వేసవికి మూడువందల ఊళ్ళకు ఆ జీవి మంజూరైంది. ఆమె రాసిన ప్రతి ఉత్తరానికీ మర్యాదగా జవాబు వచ్చింది.

ఉద్యోగం మానేసి రెండేళ్ళు దాన్ని చంపే మందు కోసం వెతికింది. దాన్ని చంపేది ఏదైనా వానపాముల్నీ చంపింది, కందివేళ్ళ బుడిపెల్నీ చంపింది, మట్టినే చంపింది. పైగా అది అప్పటికే లారీ టైర్లకూ గొర్రెల గిట్టలకూ అంటుకుని, ఎవరూ చల్లని ఊళ్ళకు కూడా పోయింది. పాత సహాయకులు అప్పుడప్పుడూ పటాలు పంపేవారు. నల్లటి వీధుల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పసుపు మచ్చలు. వేరే కులం వాణ్ణి చేసుకున్న పిల్ల ఇల్లు. చర్మవ్యాధి ఉన్న మనిషి ఇల్లు. ఊరికి అడ్డం చెప్పిన పంతులు ఇల్లు. పెద్ద ఊళ్ళలోనైతే మచ్చలు ఒక్కో ఇల్లు కాదు, ఒక్కో పేట. ఊరు ఎవరిని మనిషిగా లెక్కపెట్టలేదో ఆకాశంలోంచి చూస్తే తెలిసిపోతోంది.

పరాంకుశం నోటుపుస్తకాలన్నీ అటక ఎక్కించేశాడు. బయటికి వెళ్ళడం తగ్గించేశాడు. వెళ్ళినా తలెత్తుకుని, కరెంటు తీగల్ని చూస్తూ నడుస్తాడు. ఒకసారి అడిగితే, "నేలను చూస్తే భయమేస్తోంది కాత్యా" అన్నాడు. ఆ పద్దెనిమిది రోజుల గురించి ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఆమె చాలాసార్లు అనుకుంది.

మూడో ఏడు ఆమెకు ఒక లాయరు దొరికాడు. రెండో సాక్షి ఉంటే కేసు మళ్ళీ తెరిపించవచ్చన్నాడు. కాగితాలు సిద్ధం చేసి ఇచ్చాడు. ఎన్నో నెలల తర్వాత కాత్యాయని కాస్త తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఆదోని బస్సెక్కింది.

సుంకమ్మ ఉండే పేటలో ఆ ఏడే ఆ జీవిని చల్లారు. ఆమె ఇంటిముందు నేల గ్రానైటు బండలా నిగనిగలాడుతోంది. ఆ పేటలో అంత గట్టిచోటు ఇంకొకటి లేదు. వాకిట్లో ఎవరైనా తాగడానికి మజ్జిగకుండ, గ్లాసులు. అరుగు మీద నలుగురు మగవాళ్ళు పేకాడుతున్నారు. సుంకమ్మ లోపల కుట్టుమిషను ముందు ఉంది. కాత్యాయనిని చూసి గబగబా లేచి వచ్చింది. ఒళ్ళు చేసింది. ముఖం నిండా నవ్వు.

"రాండి మేడమ్, కూసోండి. ఎండన పడి వచ్చినారు."

మజ్జిగ తాగాక కాత్యాయని కాగితాలు తీసింది. లాయరు చెప్పిందంతా చెప్పింది. "మీ నాన్నగారి మాట నిలబెట్టచ్చు సుంకమ్మా. నువ్వు చూసింది చూసినట్టు చెబితే చాలు. నేను నీ పక్కనే ఉంటా. ఈసారి ఎన్ని రోజులైనా ఉంటా."

సుంకమ్మ కాగితాల వైపు చూడలేదు. అరుగు మీద పేకాడేవాళ్ళ వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించలేదు, వాళ్ళకు వినబడేటట్టే అంది.

"ఏ ట్రాక్టరు మేడమ్? నేనేం చూడలేదు. ఆ పొద్దు నేను ఇంట్లోనే లేను."

"సుంకమ్మా, నువ్వే నాతో..."

"మా నాయనకు కండ్లు సరిగ్గా ఆనేవి కాదు. ఏందో చూసి ఏందో అనుకున్నాడు." ఆ పిల్ల నవ్వు చెదరలేదు. ఒళ్ళో చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. "నాకు ఎవరి మీదా ఏం లేదు. అందరూ మంచోళ్ళే."

అప్పుడే ఎదురింటావిడ చేతిలో జాకెట్టుతో విసురుగా లోపలికి వచ్చింది. "ఏందే ఇది? చంక కాడ పట్టేసింది. కుట్టను రాకుంటే మానుకో. దిక్కులేని దానివని పని ఇస్తే ఇట్లా చేస్తావా?" అని దాన్ని సుంకమ్మ ముఖం మీదికి విసిరింది. కాత్యాయని లేవబోయింది. సుంకమ్మ ఆమె భుజం మీద చేయివేసి కూర్చోబెట్టింది.

జాకెట్టు ఒళ్ళోకి తీసుకుని, నవ్వుతూ, పీట జరిపి దుమ్ము తుడిచింది.

"తప్పైపాయ పిన్నమ్మా. ఊరికే కుట్టిస్తా. నిలబడే పోతావా ఏంది? రా, కూసో. మజ్జిగ తాగి పో."